అయ్యగారి కుర్చీ

వెంకటనరసమ్మ కళ్లారా చూసిందంట. ఈశ్వరరావు గారి పెరటి గుమ్మంలో పాలు కొలుస్తూ చూసిందంట. చూసింది చూసినట్టు వరమ్మతో చెప్పింది. వరమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. చంకలో చేటైనా దించకుండా పేటంతా దాటుకుని గుడి దగ్గరికొచ్చి దానమ్మతో చెప్పింది.

"కొత్తయ్యగారు పొద్దున్నే ఈశ్వరరావు గారింటికెళ్లారంట వదినా. ఒక్కరే! చెప్పులెక్కడ విప్పారనుకున్నావ్? గేటవతల. ఆయన అరుగు మీద కుర్చీ వేయించారంట కూడా. ఈయనేమో 'వద్దండీ, నాకు నేలే అలవాటండీ' అని తవుడు బస్తాల పక్కన గచ్చు మీద మఠం వేసుక్కూచున్నారంట. నరసమ్మ నాతో చెప్తా నవ్విందొదినా. 'మీ ఫాదరుగారు మా పాలేరు కూచునే చోటే చూసుకుని కూచున్నారే' అంది."

దానమ్మ చేతిలో చీపురు ఆగింది. నిన్న మట్టల ఆదివారం. గుడి నిండా వాడిపోయిన మట్టలు, పిల్లలు పీకి పారేసిన ఆకు పీలికలు.

"దారి సంగతి అడిగేరంటా?"

"అది నరసమ్మకి వినపళ్లేదంట. కూచోడం మాత్రం చూసిందంట."

"అదే చూస్తారే ఎవరైనా," అని దానమ్మ మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది. ఈసారి ఆకుల కంటే దుమ్మే ఎక్కువ లేచింది.

గుడి లోపల ప్రభువు బల్ల పక్కన కుడి వైపు కుర్చీ తెల్లగుడ్డ కప్పుకుని ఉంది. దొరల నాటి టేకు. వెడల్పాటి చేతులు, కూర్చునే చోట పేము అల్లిక. అల్లిక రెండుసార్లు మార్చారు. ఒక కాలు చెద తింటే దానమ్మ మరిది నెల్సన్ తుమ్మచెక్కతో వేరే కాలు చెక్కి పెట్టాడు. ఆ ఒక్క కాలూ నల్లగా కనిపిస్తుంది. జమ్ములంక పేట పని మీద అయ్యగారు ఊళ్లో ఏ ఆసామి ఇంటికెళ్లినా ముందు ఆ కుర్చీ వెళ్లాలి. ఇద్దరు మగాళ్లు మోసుకెళ్లి ఆసామి వాకిట్లో దింపాలి. వెనక అయ్యగారు వచ్చి దాని మీద కూర్చోవాలి. మిగతావాళ్లు చుట్టూ నిలబడాలి. తాతల నాడు ఒక ఆసామి ఒక అయ్యగారిని పూటంతా ఎండలో నిలబెట్టాడని, మర్నాడు పేట పేటంతా కుర్చీ ఎత్తుకుని వెళ్లిందని చెప్తారు. ఇప్పుడు ఆసాములు వాళ్లంతట వాళ్లే కుర్చీ వేస్తున్నారు. అయినా ఇది వెళ్తుంది. వాళ్లు వేస్తే కూర్చోవడం వేరు, మనది మనం తీసుకెళ్లి కూర్చోవడం వేరు.

ముప్పయ్యేళ్లపాటు దాని ముందు కాళ్లు పట్టి మోసినవాడు దానమ్మ మొగుడు ప్రసాదరావు.

ప్రసాదరావు పోయి ఆర్నెల్లయింది. సమాధుల దొడ్డి ఈశ్వరరావు గారి చేపల చెరువుకి అవతలుంది. చెరువు గట్టే దారి. జనవరిలో ఆయన గట్టు మొదట్లో ఇనప గేటు పెట్టి తాళం వేశారు. కట్ల చేప ఎదుగుతోంది, దొంగచాటుగా వలలేస్తున్నారు అన్నారు. అప్పట్నుంచి పేటలో ఎవరూ దొడ్డిలో కాలు పెట్టలేదు. దానమ్మ గోడ వార రెండు వందల ఇటుకలు పేర్చి ఉన్నాయి. మంచం కింద టార్పాలిన్‌లో చుట్టిన సిమెంటు బస్తా ఉంది. వచ్చే ఆదివారం పునరుత్థాన పండగ. ఆ రోజుకి సమాధులకి సున్నం వేసి, తెల్లారుతూనే వెళ్లి కొవ్వొత్తులు పెట్టని ఇల్లు పేటలో ఉండదు. ఆమెకి కావలసింది అదొక్కటే: ఆలోగా గేటు తీయాలి, నెల్సన్ ఆ మట్టిదిబ్బ చుట్టూ నాలుగు వరసలు ఇటుక కట్టాలి. ఇంకో వానాకాలం పడితే ఆ దిబ్బ ఎక్కడుందో చెప్పడానికి గుర్తుండదు. రోజూ పొద్దున్నే మంచం కిందికి చెయ్యి పోనిచ్చి బస్తా నొక్కి చూసుకుంటుంది. ఒక మూల అప్పుడే గట్టిపడింది.

"వందనాలమ్మా! ఒక్కరే చేసుకుంటున్నారా?"

కొత్తయ్యగారు మధుబాబు లోపలికొస్తూనే ప్యాంటు పైకి మడిచి బకెట్టు అందుకున్నాడు. ముప్పై నాలుగేళ్లవాడు. తాడేపల్లిగూడెంలో హెడ్మాస్టారి కొడుకు, బెంగుళూరులో వేదాంతం చదివాడు. డిసెంబరులో వచ్చిన మొదటి ఆదివారమే, 'నన్ను అయ్యగారూ అనకండి, బ్రదర్ అనండి చాలు' అన్నాడు. పేట రెండు వారాలు తంటాలు పడి చివరికి బ్రదరయ్యగారూ అనడానికి స్థిరపడింది.

"అది దించండి బ్రదరయ్యగారూ. నేను కడుక్కుంటాను."

"ఏం, నేను కడిగితే గచ్చు ఒప్పుకోదా?"

"గచ్చుకేమండి, ఒప్పుకుంటుంది. చూసినోళ్లు నన్నంటారండి."

పోయిన నెల ఆమె ఇంట్లో చేపల పులుసుతో అన్నం తిని, ఆమె వద్దు వద్దంటుండగా పెరట్లోకి వెళ్లి పళ్లెం తోమేశాడు. గోడ మీంచి చూసిన నలుగురూ నాలుగు రోజులు దాని గురించే చెప్పుకున్నారు. అయ్యగారి చేత అంట్లు తోమించిన దానమ్మ అని. మనిషి చెడ్డవాడు కాదు. జ్వరమొచ్చిన ఇంటికి పిలవకుండా వెళ్తాడు. ఎవరి మంచం పట్టీ మీదైనా కూర్చుంటాడు. అలాంటివాణ్ణి ఏమనడానికీ నోరు రాదు. ఆ రానితనమే ఆమెని లోపల కొరుకుతోంది.

"ఈశ్వరరావు గారింటికెళ్లారంట?"

"వెళ్లానమ్మా. మీరంతా చెప్పినట్టు కాదు, చాలా మంచి మనిషి. 'ఇన్నేళ్లలో ఇంత తగ్గింపు గల ఫాదరుగారిని నేను చూళ్లేదండీ' అన్నారు. నాకే సిగ్గేసింది."

సిగ్గుపడ్డ మొహంలా లేదు. తలంటి పోసుకున్న పిల్లాడి మొహంలా నిగనిగలాడుతోంది.

"టీ ఇచ్చారాండి?"

"ఇచ్చారు."

"ఎందులో ఇచ్చారండి?"

"ఎందులో అంటే... ప్లాస్టిక్ కప్పు అనుకుంటా. ఎందుకమ్మా?"

"ఏం లేదండి. గేటు తీస్తానన్నారా?"

"అదంతా మాట్లాడుకున్నాం. ఒక అవగాహనకి వచ్చాం. ఆయన కష్టాలు ఆయనకున్నాయి కదా. మనం గట్టిగా అడిగితే ఎదుటివాళ్లూ గట్టిపడతారమ్మా. మెత్తగా ఉంటే అన్నీ సర్దుకుంటాయి. ప్రార్థన చెయ్యండి."

"చేస్తానండి. కుర్చీ ఎందుకు తీసుకెళ్లలేదండి?"

మధుబాబు నవ్వి కుర్చీ కేసి చూశాడు. "అమ్మా, మన ప్రభువుకి తల వాల్చుకోవడానికి చోటు లేదు. ఆయన సేవకుణ్ణని చెప్పుకునేవాణ్ణి, నేను కుర్చీ మోయించుకుని వెళ్లడమా? అది అహంకారం కాదంటారా?"

దానమ్మకి ఆ వాక్యం తెలుసు. అతను మోకాళ్ల మీద కూర్చుని గచ్చు రుద్దుతుంటే ఆమె చీపురు పట్టుకుని పక్కన నిలబడింది, పని లాగేసుకున్న కూలిమనిషిలా.

బుధవారం పొద్దున్న నెల్సన్‌ని వెంటబెట్టుకుని దానమ్మ ఏలూరు బయల్దేరింది. భీమడోలు దాకా ఆటో, అక్కణ్నుంచి బస్సు. ఒళ్లో సంచి, సంచిలో రెండు శీలావతి చేపలు. తెల్లారుతూనే కొన్నవి, వేపాకు కప్పి గోనెగుడ్డ తడిపి చుట్టినవి.

"వస్తాడంటావా వదినా?"

"ప్రభుదాసయ్యగారు ఒక్క గంట వచ్చి ఆ కుర్చీలో కూచుంటే చాలు నెల్సనూ. ఆయన మాటకి ఈశ్వరరావు గారు మంచం మీంచి లేచి నిలబడేవారు. నువ్వు చూళ్లేదూ?"

నెల్సన్ చూశాడు. మధుబాబుకి ముందు పదకొండేళ్లు జమ్ములంకలో ఉన్నాడు ప్రభుదాసు గారు. ఆరాధనకి అయిదు నిమిషాలు ఆలస్యమైతే గుమ్మంలోనే నిలబెట్టేవాడు. పేటలో మంచినీళ్లు ముట్టేవాడు కాదు, ఫ్లాస్కు వెంట తెచ్చుకునేవాడు. గొడుగు ఇంకొకరు పట్టాలి. అందరూ చాటుగా తిట్టుకున్నవాళ్లే. కానీ ఆసామి వాకిట్లో కుర్చీ దింపగానే కాలు మీద కాలేసుకుని, ఎదటివాడి పేరు చివర గారు తగిలించీ తగిలించకుండా మాట్లాడుతుంటే, చుట్టూ నిలబడ్డ ప్రతివాడి వెన్నూ నిటారుగా అయ్యేది.

ఏలూరులో ఆయనకి పెద్ద గుడి ఇచ్చారు. బంగళా ముందు క్రోటన్లు, వసారాలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, లోపల ఫ్యాను చప్పుడు. ఆయన భార్య జాయ్సీ తలుపు తీసి, "జమ్ములంక వాళ్లా? అయ్యగారు రాసుకుంటున్నారు. ఉండండి," అని చేపల సంచి అందుకుని లోపలికి వెళ్లింది. ఎక్కడ ఉండాలో చెప్పలేదు. కాసేపు నిలబడి ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. ఎండ మెట్టు మెట్టూ ఎక్కి వాళ్ల మోకాళ్ల దాకా వచ్చింది. లోపల జాయ్సీ చేపల పొలుసు గీకుతున్న చప్పుడు మొదలై ఆగిపోయింది.

ప్రభుదాసు గారు వచ్చేసరికి పదకొండున్నర. ఒళ్లు చేశాడు. వసారాలో కుర్చీ లాక్కుని కూర్చుని మొదట అడిగింది, "కుర్చీ ఎలా ఉందిరా నెల్సన్?"

"బావుందండి. ఒక చెయ్యి కాస్త వదులైందండి. కొత్తయ్యగారు దాని మీద కూచోరండి."

"కూచోడా?" ఆయన మొహం విప్పారింది. "ఎక్కడ కూచుంటాడు?"

"నేల మీదండి. ఈశ్వరరావు గారింట్లో కూడా నేల మీదే కూచున్నారంటండి."

ప్రభుదాసు గారు పొట్ట కదిలేలా నవ్వాడు. "చదువుకున్న కుర్రాళ్లు! నేనున్నప్పుడెలా ఉండేదిరా? చెప్పు."

నెల్సన్ చెప్పాడు. ఈశ్వరరావు గారు మంచం మీంచి లేచి నిలబడడం చెప్పాడు. మంచినీళ్ల కుళాయి పేట మధ్యలో వేయించడం చెప్పాడు. ఆయన, "అది కాదు, ఎమ్మార్వో వచ్చినప్పటి సంగతి చెప్పు," అని అందించాడు. అదీ చెప్పాడు. విన్నంతసేపూ ఆయన కళ్లు అరమూతలు పడ్డాయి.

దానమ్మ సమయం చూసుకుని అంది: "గేటు తాళం వేసేశారండయ్యగారూ. మా ఆయన సమాధి కట్టుకోవాలండి. మీరొక్కసారి వచ్చి మాటాడితే..."

కళ్లు పూర్తిగా తెరుచుకున్నాయి. "నేనా? అది నా పాస్టరేట్ కాదు కదమ్మా. చార్జి తీసుకున్నవాడు అడగాలి. వాడి చేత చైర్మన్‌కి రాయించండి. చైర్మన్ నాకు రాయాలి. జూన్‌లో డయోసిస్ ఎన్నికలున్నాయి. ఇప్పుడు నేను ఇంకొకడి ఊళ్లో వేలు పెట్టానంటే ఎంత దూరం పోతుందో మీకు తెలీదు."

"ఒక్క గంటండి."

"గంటా నిమిషం కాదమ్మా, పద్ధతి." లేచాడు. "ఆ కుర్చీ చెయ్యి బాగు చేయించరా. పరువు తీస్తారు." తలుపు మూసుకుంది. పులుసు మరుగుతున్న వాసన తలుపు సందులోంచి వచ్చింది.

వసారాలో మూడు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. గేటు దాటుతూ దానమ్మ ఒకసారి వెనక్కి తిరిగి వాటిని లెక్కపెట్టినట్టు చూసింది. బస్సు భీమడోలు దగ్గరపడింది.

"నెల్సనూ."

"ఆఁ."

"ఇన్నాళ్లూ ఆయన కూచుంటే మనం కూచున్నట్టే అనుకున్నాం."

నెల్సన్ కిటికీలోంచి చూస్తున్నాడు. రోడ్డుకి రెండువైపులా కోసిన వరిపొలాలు పగుళ్లు తీసి ఉన్నాయి. "ఆకలేస్తుంది వదినా," అన్నాడు.

శుభ శుక్రవారం. మూడు గంటలపాటు ఆరాధన. సిలువ మీద ఏడు మాటలకీ మధుబాబు ఒక్కడే ప్రసంగం చేశాడు, నిలువుటంగీ లేకుండా, మామూలు తెల్లచొక్కాతో, బల్ల మెట్టు దిగి జనం మధ్యకొచ్చి నిలబడి. తన్ను తాను తగ్గించుకొనువాడు హెచ్చింపబడును అన్నచోట ఆగి, ఆ మాట రెండోసారి చదివాడు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. దానమ్మకీ కన్నీళ్లొచ్చాయి, అవి ఎవరి మీద వచ్చాయో తేల్చుకోలేకపోయింది. ఆ పొద్దున బస్తా రెండో మూల కూడా రాయిలా తగిలింది.

దీవెన అయ్యీ అవగానే ఆమె లేచి నిలబడింది. పందిట్లో చెప్పులు వెతుక్కుంటున్నవాళ్లు ఆగిపోయారు.

"బ్రదరయ్యగారూ, రేపు మమ్మల్నందర్నీ ఈశ్వరరావు గారి దగ్గరికి తీసుకెళ్లండి. గేటు సంగతి మా ముందు అడగండి."

"తప్పకుండా వెళ్దామమ్మా," అన్నాడు మధుబాబు. అతని చేతులు బైబిలు అట్ట మీద ఒక్కసారి గట్టిగా బిగుసుకోవడం ముందు వరసలో ఉన్న వరమ్మ చూసింది. చూసి ఎందుకో ఎవరితోనూ చెప్పలేదు.

శనివారం ఎనిమిదింటికి పాతికమంది దాకా గుడి ముందు పోగయ్యారు. నెల్సన్, వరమ్మ మొగుడు కుర్చీ ఎత్తి బయటికి తెచ్చారు.

"ఇది వద్దు నెల్సన్," అన్నాడు మధుబాబు.

"మీరు కూచోకపోతే పోన్లెండి," అంది దానమ్మ. "అది మాత్రం వస్తుంది."

ఈశ్వరరావు గారు గట్టు మొదట్లో షెడ్డు కింద నులకమంచం మీద ఉన్నారు. యాభై దాటిన మనిషి. గొంతు ఎప్పుడూ లేవదు. కూలిమనిషినైనా అమ్మా అనే పిలుస్తారు. ఎదురుగా ముగ్గురు కూలీలు తవుడూ వేరుశనగ చెక్కా కలిపి మేత సంచులకి ఎత్తుతున్నారు. సంచుల అడుగున చిల్లులుంటాయి. చెరువులో గడలకి కట్టి వదిలితే చేపలొచ్చి పొడుచుకు తింటాయి. షెడ్డు పక్కనే గేటు. గేటుకి తాళం. తాళానికి వాన తగలకుండా సైకిలు ట్యూబు ముక్క చుట్టి ఉంది.

"రండి ఫాదరుగారూ, రండి. ఓహో, ఇదీ వచ్చిందే!" కుర్చీని చూసి ఆయన నవ్వారు. "చాలా రోజులైంది దీన్ని చూసి. కూచోండి మరి."

"పర్లేదండీ," అని మధుబాబు పక్కకెళ్లి నేల మీద పరిచిన పట్టా మీద చతికిలబడ్డాడు. అక్కడ తవుడు రాలి ఉంది. దులుపుకోలేదు కూడా.

మధ్యలో కుర్చీ ఖాళీగా మిగిలింది. ఒక పక్క మంచం మీద ఆసామి, ఇంకో పక్క నేల మీద అయ్యగారు. పాతికమందీ ఎటు చూడాలో తెలియక దాన్నే చూస్తున్నారు. ఏలూరు మెట్ల మీద ఎండ దానమ్మ మోకాళ్లకి గుర్తొచ్చింది. ముందుకి నడిచి, చీర కుచ్చెళ్లు సర్దుకుని, కుర్చీలో కూర్చుంది. పేము అల్లిక కిర్రుమంది.

"వదినా!" అన్నాడు నెల్సన్ పళ్లమధ్య నుంచి.

చెక్క కలుపుతున్న చేతులు ఆగాయి. ఈశ్వరరావు గారు మాత్రం మొహంలో ఏమీ మార్చలేదు.

"ఏమ్మా దానమ్మా, బాగుందా?"

"ఒక చెయ్యి ఊగుతుందండి. మేకు కొట్టించాలి."

ఎవరో ఫక్కున నవ్వి నోరు మూసుకున్నారు. వెనక వరమ్మ గొంతు, "మా దానమ్మొదిన!" అంది.

"చెప్పమ్మా."

"గేటు తీయించండి. రేపు పండగండి. ఇటుకలు మోసుకోవాలి, సున్నం వేసుకోవాలి. గట్టు కింద ఉన్నది మా దొడ్డి దారేనండి. మీ నాన్నగారు చెరువు తవ్వించేటప్పుడు, దారి పోతుందేంటండని మావాళ్లడిగితే, గట్టు మీద నడవండర్రా అన్నారు. నేను అప్పటికి కొత్తకోడల్ని. నా చెవులారా విన్నానండి."

"నేను కాదన్నానా అమ్మా?" అన్నారాయన. "నడిచే దారే. కానీ మీ సంఘమే వద్దని రాసిచ్చింది కదా."

"ఎవరండి రాసిచ్చింది?"

ఈశ్వరరావు గారు తలగడ కింద నుంచి ప్లాస్టిక్ కవరు తీశారు. కవర్లోంచి కాయితం తీసి నెల్సన్ చేతికిచ్చారు. నెల్సన్ కూడబలుక్కుంటూ చదివాడు: చేపల పట్టుబడి పూర్తి అగు వరకు గట్టు మీదుగా సంఘస్థులు నడవబోరనియు, అవసరమైనచో పడవ మీద సమాధుల దొడ్డికి వెళ్లెదరనియు, ఈ విషయమై సంఘమునకు ఎట్టి అభ్యంతరము లేదనియు. కింద సంతకం. రెవరెండ్ ఎం. మధుబాబు. తారీఖు సోమవారంది.

"ఆయన బ్రదర్ మధుబాబు అని పెట్టబోయారు," అన్నారు ఈశ్వరరావు గారు మర్యాదగా. "నేనే చెప్పాను. బ్రదర్ అంటే చెల్లదండీ, రెవరెండ్ అని రాయండని."

పాతికమందీ నేల మీదికి చూశారు. మధుబాబు తవుడులో వేలితో గీతలు గీస్తున్నాడు.

"పట్టుబడి ఎప్పుడండి?" అంది దానమ్మ.

"నవంబరు, డిసెంబరు."

"పడవెక్కడ నడుస్తుందండి ఈ ఎండల్లో? కాలవ నిండా గుర్రపుడెక్క. దాని మీద కోళ్లు తిరుగుతున్నాయి."

"పడవ మాట నేనన్లేదమ్మా, ఒట్టు. ఆయనే అన్నారు. కొల్లేట్లో చెరువుల గట్లన్నీ కొట్టేస్తారని గవర్నమెంటు వాళ్లు కొలతలకి తిరుగుతున్నారు. గట్టు మీద జనం నడుస్తుంటే అది అందరి దారని రాసుకుపోతారని నా భయం నేను చెప్పుకున్నాను. ఆయన మహానుభావుడు, అడక్కుండానే అర్థం చేసుకున్నారు."

మధుబాబు తల ఎత్తాడు. "పడవలుంటాయి కదా అనుకున్నానమ్మా," అన్నాడు. "కొల్లేరు కదా అని."

ఎవరూ నవ్వలేదు. దానమ్మ కుర్చీలోంచి లేచింది. నెల్సన్ చేతిలో కాయితం ఇంకా ఉంది. ఈశ్వరరావు గారు చెయ్యి చాపగానే అతను ఇచ్చేశాడు. ఇచ్చాక తన చేతినే చూసుకున్నాడు, ఎందుకు ఇచ్చావని అడుగుతున్నట్టు. ఆయన దాన్ని రెండు మడతలు పెట్టి కవర్లో దోపి మళ్లీ తలగడ కిందికి తోశారు. "టీ తాగి వెళ్లండి ఫాదరుగారూ," అన్నారు. కూలీల చేతులు మళ్లీ చెక్కలో పడ్డాయి.

అందరూ తిరుగుముఖం పట్టారు. చెప్పుల చప్పుడు, కుర్చీ మోస్తున్నవాళ్ల ఊపిరి. పేట మొదట్లో బోరింగు దగ్గరికి వచ్చేసరికి మధుబాబు వెనకబడ్డాడు. అందరూ ఆగారు. అతను వచ్చి దానమ్మ ఎదురుగా నిలబడ్డాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"అడగాల్సిందమ్మా మిమ్మల్ని. అడగలేదు. ఆయన నన్ను పొగుడుతున్నాడు... నేను కాదనలేకపోయాను. కాదంటే పాతాయనలా అవుతానేమో అనిపించింది." చేతులు జోడించాడు. "మీ అందరికంటే అల్పుణ్ణి నేను. నన్ను క్షమించండి."

అంటూనే బోరింగు బురదలో మోకాళ్ల మీద కూలబడ్డాడు. వరమ్మ అయ్యో అంది. నెల్సన్ కుర్చీ వదిలేసి పరుగెత్తి భుజాలు పట్టుకున్నాడు. "లేవండి బ్రదరయ్యగారూ, తప్పండి, లేవండి." ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఇద్దరు ముసలాళ్లు కూడా ఏడుస్తున్నారు. ఒక్క నిమిషంలో గేటు సంగతి అందరూ మర్చిపోయినట్టే ఉంది. అయ్యగారు బురదలో ఉన్నారు, అయ్యగార్ని లేపాలి, అంతే.

అతను లేవలేదు. "దానమ్మగారు క్షమించానంటేనే లేస్తాను," అన్నాడు. వంగి ఆమె పాదాలు అందుకోబోయాడు.

దానమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

"మా ముందు మోకాళ్లూనడం తేలికండయ్యగారూ. మేం ఏడుస్తాం, లేపుతాం, కాళ్లకి నీళ్లు పోస్తాం. ఇప్పుడే వెనక్కెళ్లి, ఆయన ముందు నిలబడి, తప్పు రాశాను, నా కాయితం నాకిచ్చెయ్యండి అనండి. కూచుని కాదు, నిలబడి. ఇంక ఆయన మిమ్మల్ని మంచి ఫాదరుగారని అనరండి. ఫరవాలేదాండీ?"